పరగడుపు పరీక్షలు: బెంగళూరులో మన తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలు

మారతహళ్లి వైపు ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో శాంపిల్ కలెక్షన్ నా పని. కౌంటర్‌లో అమ్మాయి "నాళె ఖాలీ హొట్టెయల్లి బన్ని" అని కన్నడలో చెప్పి, అంటే రేపు ఖాళీ కడుపుతో రమ్మని, ఫోన్ పెట్టేస్తుంది. అవతలున్న తెలుగువాళ్లకు విషయం అర్థమవుతుంది, సందేహాలు మాత్రం అప్పుడే మొదలవుతాయి. తెల్లారి ఆరింటికి గేటు దగ్గర నుంచే ఫోన్లు: నీళ్లు తాగాను పర్వాలేదా, మాత్ర వేసుకున్నాను పర్వాలేదా, నాన్నగారు నిన్న ఏకాదశి ఉన్నారు పర్వాలేదా. అందరికీ అవే జవాబులు చెప్తున్నాను కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. మీ డాక్టరు దేనికైనా వేరేగా చెప్పి ఉంటే ఆ మాటే వినండి, మీ ఒంటి సంగతి వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు.

## బుక్ చేసే ముందు

రక్తపరీక్ష ఏదైనా ఖాళీ కడుపుతోనే రావాలి కదా?

అక్కర్లేదు. నిజంగా పరగడుపు కావలసినవి కొన్నే: ఫాస్టింగ్ షుగర్, గ్లూకోజ్ తాగించి చేసే జీటీటీ, ఫాస్టింగ్ ఇన్సులిన్, కొంతమందికి ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు), ఇంకా సీరం ఐరన్. సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు), ఈఎస్ఆర్, సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ చూసేవి), డెంగ్యూ, విటమిన్ డి లాంటివాటికి టిఫిన్ తిని వచ్చినా ఏమీ కాదు. జ్వరంతో నీరసంగా ఉన్న మనిషిని సీబీసీ కోసం పొద్దున పది దాకా పస్తు పెట్టి తీసుకొచ్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, వాళ్ల మీద కాదు, అలా చెప్పి పంపినవాళ్ల మీద. ప్యాకేజీ తీసుకుంటే మాత్రం అందులో ఫాస్టింగ్ షుగర్ ఉంటుంది, సూది ఒకసారే గుచ్చుతాం, అందుకని అన్నిటికీ కలిపి ఖాళీ కడుపుతో రమ్మంటాం.

షుగరుకు 8 గంటలు అంటారు, ప్యాకేజీకి 12 గంటలు అంటారు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. షుగరుకు కనీసం 8 గంటలు ఉండాలి. లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ పరీక్ష, ఫాస్టింగ్‌లో చేయాలంటే 9 నుంచి 12 గంటలు. రెండూ ఉన్నప్పుడు 10, 12 గంటల మధ్య వస్తే గొడవే లేదు. రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం అయిపోతే పొద్దున ఏడు, ఏడున్నరకు రండి. మన ఐటీవాళ్ల ఇళ్లలో భోజనం పదిన్నరకు కాబట్టి వాళ్లు తొమ్మిది తర్వాత స్లాట్ తీసుకోవడం నయం. 14 గంటలు దాటనివ్వకండి. ఎంత ఎక్కువసేపు మాడితే అంత స్వచ్ఛమైన రిపోర్టు వస్తుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు.

కొలెస్ట్రాల్‌కు ఇప్పుడు ఫాస్టింగ్ అక్కర్లేదని చదివాను. మీరింకా ఎందుకు అడుగుతున్నారు?

మీరు చదివింది కరెక్టే. 2016లో యూరప్ నిపుణుల సంఘాలు కలిసి, మామూలు పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదని చెప్పాయి. రోజూ తినే తిండి తిన్న కొన్ని గంటల్లో ట్రైగ్లిజరైడ్స్ సగటున 26 మిల్లీగ్రాముల దాకా పెరుగుతాయి, మొత్తం కొలెస్ట్రాల్‌లోనూ ఎల్‌డీఎల్‌లోనూ (చెడు కొలెస్ట్రాల్) తేడా కొద్దిగానే ఉంటుంది, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) దాదాపు కదలదు. మనిషి రోజులో ఎక్కువ గంటలు తిన్న కడుపుతోనే ఉంటాడు కాబట్టి ఆ అంకె కూడా పనికొచ్చేదే.

ఇక చిక్కు ఎక్కడంటే, చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్క వేస్తారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేస్తారు. 1972 నాటి ఫార్ములా ఇది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనిచేయదు. అంత ఎక్కువ ఉన్న రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలే సీరం పాలలా తెల్లగా ఉంటుంది, దాంతో మెషిన్ చదివే వేరే పరీక్షలు కూడా తప్పుతాయి. కాబట్టి మొదటిసారి చేయించుకునేవాళ్లు, పాత రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ మామూలుగా ఉన్నవాళ్లు తిని వచ్చినా పర్వాలేదు. ఇంతకుముందే 300, 400 చూసినవాళ్లు ఖాళీ కడుపుతో రండి. మా కౌంటర్‌లో అందరికీ ఒకే మాట చెప్పడం మా సౌకర్యం కోసం, అందులో దాచేదేం లేదు.

హెచ్‌బీఏ1సీకి తిని రావచ్చా?

రావచ్చు, సాయంత్రం బజ్జీలు తిని వచ్చినా అదే అంకె. అది రెండు మూడు నెలల సగటు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లకు మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లకు నమ్మదగ్గ అంకె రాదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

థైరాయిడ్‌కు పరగడుపు కావాలా? మాత్ర వేసుకుని రావాలా, మానేసి రావాలా?

తిండి కంటే గడియారం ముఖ్యం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్) రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. పోయినసారి పొద్దున ఏడింటికి ఇచ్చి ఈసారి మధ్యాహ్నం రెండింటికి ఇస్తే, మాత్ర అదే, ఒళ్లు అదే, అంకె మాత్రం మారుతుంది. ఎప్పుడిచ్చినా ఒకే వేళకు ఇవ్వండి, పొద్దున అయితే మేలు. థైరాక్సిన్ మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోండి, ఎందుకంటే వేసుకున్న కొన్ని గంటల పాటు రక్తంలో టీ4 (థైరాయిడ్ హార్మోన్) పెరిగి కనిపిస్తుంది.

ఇంకోటి ఎవరూ చెప్పరు. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు ఉన్నాయే, ఎక్కువ మోతాదులో అవి కొన్ని మెషిన్లను తప్పుదారి పట్టిస్తాయి. టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా వచ్చి, లేని హైపర్ థైరాయిడ్ ఉన్నట్టు కనబడుతుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపండి.

మసాలా దోస తిన్నాక లివర్ టెస్టు ఇస్తే తప్పు వస్తుందా?

చాలావరకు రాదు. ఒక్క ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము మాత్రం నూనె, వెన్న ఎక్కువున్న తిండి తర్వాత కొంచెం పెరగొచ్చు, అదీ ముఖ్యంగా ఓ, బీ బ్లడ్ గ్రూపుల వాళ్లలో. పేగుల నుంచి వచ్చే రకం వాళ్ల రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. బ్లడ్ గ్రూపుకూ దోసకూ లింకేంటని నవ్వకండి, పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయమే.

ఐరన్ టెస్టుకు?

పొద్దున, ఖాళీ కడుపుతో. ఐరన్ మాత్ర ముందు రోజు నుంచే ఆపాలి, లేకపోతే మీ ఒంట్లో ఉన్న ఐరన్‌కు బదులు మాత్రలోని ఐరన్‌ను కొలిచినట్టవుతుంది. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసేది) ఒక్కటే రాస్తే తిని రావచ్చు.

## ముందు రోజు రాత్రి

రేపు చెకప్. ఇవాళ రాత్రి పెళ్లి భోజనం ఉంది, తినొచ్చా?

తినొచ్చు, కానీ పదకొండింటికి మటన్ బిర్యానీ తిని పొద్దున ఏడుకు వస్తే రిపోర్టులో అది కనబడుతుంది. నెయ్యి, నూనె ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచుతాయి. ఉడికిన మాంసం కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్‌ను పెంచుతుంది, కిడ్నీలో ఏ లోపం లేకపోయినా సరే. వీలైతే చెకప్ ఇంకో రోజుకు మార్చుకోండి, పెళ్లి మార్చలేం కదా.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది. టెస్టుకు నాలుగు రోజుల ముందు నుంచి అన్నం మానేసి, పుల్కాలు, కూరముక్కలతో గడిపి వస్తారు. పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టినట్టు ఉంటుంది ఇది, మార్కులు వస్తాయి, చదువు రాదు. మీరు రోజూ ఏం తింటారో అదే తిని రండి, డాక్టరు చూడాల్సింది ఆ మనిషినే.

అసలు రాత్రి భోజనమే మానేస్తే ఇంకా మంచిది కదా?

కాదు. మధ్యాహ్నం ఒంటి గంటకు తిని మర్నాడు ఎనిమిదికి వస్తే 19 గంటలు. అంతసేపు తిండి లేకపోతే ఒళ్లు నిల్వ ఉన్న కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది. రక్తంలో, మూత్రంలో కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు వస్తాయి. ఆ కీటోన్ల వల్ల యూరిక్ యాసిడ్ బయటికి పోవడం తగ్గి, దాని అంకె పెరుగుతుంది. కామెర్లకు చూసే బిలిరుబిన్ పెరుగుతుంది. షుగర్ కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి లివర్ గ్లూకోజ్ వదలడంతో తగ్గాల్సినంత తగ్గదు. ఇన్ని తేడాలు తెచ్చుకుని, అవన్నీ జబ్బులేమోనని టెన్షన్ పడటం ఎందుకు?

ఒక్క పెగ్గే. దాన్ని కూడా మెషిన్ పట్టేస్తుందా?

పెగ్గును పట్టదు, అది చేసే పనిని పడుతుంది. మందు ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచుతుంది, తిండి లేకుండా తాగితే షుగర్‌ను కిందికి లాగుతుంది. కనీసం 24 గంటలు ముట్టకండి. రోజూ తాగేవాళ్లు ఒక్క రోజు ఆపినంత మాత్రాన లివర్ పరీక్షలోని జీజీటీ లాంటివి మామూలుకు వచ్చేయవు, కాబట్టి దాచిపెట్టే ఆలోచన ఉంటే వదిలేసి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

అర్ధరాత్రి పన్నెండుకు ఆకలేసి రెండు బిస్కెట్లు తిన్నాను. రేపు రావద్దా?

రండి. లెక్క భోజనం నుంచి కాదు, చివరి బిస్కెట్ నుంచి. పన్నెండుకు తింటే ఎనిమిది దాటాక షుగరుకు పనికొస్తారు. లిపిడ్ కూడా ఫాస్టింగే కావాలంటే ఇంకో గంట, రెండు గంటలు ఆగి రండి. చెప్పకుండా దాచడమే అసలు ఇబ్బంది.

## ఆ రోజు పొద్దున

మంచినీళ్లు తాగొచ్చా?

తాగాలి. ఒక గ్లాసు, రెండు గ్లాసులు, దాహం వేసినన్ని. నీళ్లు తాగకుండా వస్తే నరం దొరకక రెండు మూడు చోట్ల గుచ్చాల్సి వస్తుంది. పైగా ఒంట్లో నీరు తగ్గితే హిమోగ్లోబిన్, యూరియా ఉన్నదానికంటే ఎక్కువ కనబడతాయి. ఊరి నుంచి అమ్మానాన్నలను రాత్రి బస్సులో రప్పించి, మడివాళలో దిగగానే నేరుగా ల్యాబుకు తీసుకొచ్చేవాళ్లు ఎక్కువ. దారిలో బాత్రూమ్ దొరకదని ఆ పెద్దవాళ్లు రాత్రంతా చుక్క నీళ్లు తాగి ఉండరు. ఇంటికి తీసుకెళ్లి, ఒక పూట పడుకోనిచ్చి, మర్నాడు తీసుకురండి.

చక్కెర లేకుండా ఫిల్టర్ కాఫీ? అరకప్పే!

వద్దు. పాలలోనే చక్కెర ఉంది, కొవ్వు ఉంది. పాలు లేని బ్లాక్ కాఫీ కూడా వద్దంటాం, కెఫీన్ వల్ల షుగర్ కొంచెం అటూ ఇటూ అవుతుంది. గ్రీన్ టీ కూడా అంతే. కాఫీ తాగందే కళ్లు తెరవలేని మనుషులు ఈ ఊళ్లో ఎంతమందో నాకు తెలుసు, అందుకే పొద్దున ఆరున్నర స్లాట్ తీసుకోండి, రక్తం ఇచ్చి కిందున్న దర్శిని హోటల్లో బై టూ ఎందుకు, ఫుల్లే తాగండి.

పళ్లు తోముకోవచ్చా?

దయచేసి తోముకోండి.

తేనె నిమ్మరసం, కొబ్బరినీళ్లు, రాగి జావ, మెంతి నీళ్లు ఇవి తిండి కిందికి రావు కదా?

వస్తాయి. తేనె అంటే చక్కెరే, కొబ్బరినీళ్లలోనూ చక్కెర ఉంటుంది, రాగి జావ అయితే పూర్తి భోజనం. మెంతి నీళ్లు, కాకరరసం షుగర్ తగ్గించుకోవడానికే తాగుతారు కాబట్టి ఆ పూటకు ఆపండి. ఉత్త నీళ్లు ఒక్కటే.

వాకింగ్ చేసి అటు నుంచి అటే వస్తే?

మామూలు నడకకు పెద్దగా ఏమీ కాదు గానీ, వచ్చాక పది పదిహేను నిమిషాలు కూర్చోండి. జిమ్, పరుగు, బ్యాడ్మింటన్ మాత్రం ఆ రోజే కాదు, ముందు రోజు కూడా తగ్గించండి. గట్టి వ్యాయామం తర్వాత కండరాల నుంచి సీపీకే, ఏఎస్‌టీ అనే ఎంజైములు రక్తంలోకి వస్తాయి. ఏఎస్‌టీ లివర్ టెస్టు జాబితాలో ఉంటుంది కాబట్టి, కొత్తగా జిమ్‌లో చేరిన కుర్రాళ్లు లివర్ చెడిపోయిందని హడలిపోతుంటారు.

సిగరెట్, గుట్కా?

రక్తం ఇచ్చేదాకా వద్దు, షుగర్ మీద, తెల్ల కణాల మీద ప్రభావం ఉంటుంది. ఆ తర్వాత కూడా వద్దనే చెప్తాను గానీ అది వేరే గొడవ.

బీపీ మాత్ర, షుగర్ మాత్ర రోజూ ఆరింటికి వేసుకుంటాను. ఇవాళ?

బీపీ మాత్ర నీళ్లతో మామూలుగా వేసుకోండి. ఖాళీ కడుపన్న పేరుతో బీపీ మాత్ర మానేసి, ల్యాబులో కూర్చునేసరికి 180 దాటినవాళ్లు ఉన్నారు. షుగర్ మాత్రలు, భోజనానికి ముందు చేసే ఇన్సులిన్ తిండితో ముడిపడ్డవి, తినకుండా తీసుకుంటే షుగర్ పడిపోతుంది. గ్లిమెపిరైడ్ లాంటి వాటితో ఈ ప్రమాదం ఎక్కువ. రక్తం ఇచ్చాక, టిఫిన్‌తో పాటు వేసుకోండి. రాత్రి చేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ మోతాదు సంగతి డాక్టరునే అడగండి, మీ అంతట మీరు మానేయకండి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లకు మూత్రంలో షుగర్ ఎప్పుడూ ఉంటుంది, మందు పనే అది. అవి వాడుతూ చాలా గంటలు పస్తుండటం కూడా మంచిది కాదు. రక్తం పలచబడే మందు వేసుకుంటుంటే మాకు చెప్పండి, దూది కాస్త ఎక్కువసేపు నొక్కి పట్టుకోవాలి.

అమ్మకు షుగర్ ఉంది. క్యూలో ఉండగానే చెమటలు, వణుకు. ఇంకో ఐదు నిమిషాలే, ఓర్చుకోమననా?

ఓర్చుకోవద్దు. మీటర్ ఉంటే వేలి మీద చూడమనండి, 70 కంటే తక్కువుంటే, లేదా మీటరే లేకపోయినా, వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి, తర్వాత టిఫిన్ పెట్టండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. టెస్టు రేపు చేయించుకోవచ్చు. షుగర్ ఉన్న పెద్దవాళ్లను క్యూలో ముందుకు పంపమని కౌంటర్‌లో అడగడానికి మొహమాటపడకండి.

## రక్తం తీసేటప్పుడు, తీశాక

ఇంటికొచ్చి తీసుకెళ్తారు కదా, ఆ శాంపిల్ సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రిపోర్టు మారదా?

మంచి ప్రశ్న, అడగాల్సినంతమంది అడగరు. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో, బయటి వేడిలో, వేరు చేయకుండా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా షుగర్ తగ్గుతుంది. అంటే 110 ఉన్న మనిషికి రెండు గంటల్లో 100 కిందికి రావచ్చు, హమ్మయ్య బాగుందనుకుంటాడు. దీన్ని ఆపడానికే బూడిద రంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. అదీ వెంటనే పనిచేయదు, మొదటి గంట రెండు గంటలు కొంత తగ్గనే తగ్గుతుంది, ఆ తర్వాత నిలకడగా ఉంటుంది.

కాబట్టి ఇంటికి వచ్చిన కుర్రాణ్ణి మూడు విషయాలు అడగండి: షుగరుకు బూడిద మూత ట్యూబు వాడుతున్నావా, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా ఉందా, ఇది ల్యాబుకు ఎన్నింటికి చేరుతుంది. మీ తర్వాత ఇంకా నాలుగిళ్లు తిరగాలంటే ఆలస్యం ఖాయం. షుగర్ ఒక్కటే కాదు, ఆలస్యమైతే కణాల్లోంచి పొటాషియం బయటికి వచ్చి అది ఎక్కువ చూపిస్తుంది. పిడికిలి గట్టిగా బిగించి, తెరిచి, మళ్లీ బిగించినా పొటాషియం పెరుగుతుంది, చేయి వదులుగా పెట్టుకోండి. బైక్ మీద వచ్చే ఆ పిల్లల తప్పేం లేదు ఇందులో, వాళ్లకిచ్చే రూట్లే అలా ఉంటాయి.

టిఫిన్ తిన్న రెండు గంటలకు మళ్లీ షుగర్ చూస్తామంటారు. ఆ రెండు గంటలు మొదటి ముద్ద నుంచా, చేయి కడిగాక నుంచా?

మొదటి ముద్ద నుంచి. టైమ్ చూసుకుని తినడం మొదలుపెట్టండి, పది పదిహేను నిమిషాల్లో ముగించండి. రోజూ తినేదే తినండి, రోజూ వేసుకునే మందు వేసుకోండి. మీరు ఇంట్లో నాలుగు ఇడ్లీలు తినే మనిషైతే ల్యాబు ఎదురుగా ఒక్క ఇడ్లీ తిని వస్తే ఆ అంకె మీది కాదు. ఆ రెండు గంటల్లో కాఫీ, పండు, ఇంకేదీ వద్దు. నీళ్లు తాగొచ్చు. అంకె తగ్గించుకుందామని పార్కు చుట్టూ గబగబా తిరగడం కూడా వద్దు.

## స్కాన్లు, ఎండోస్కోపీ

అబ్డామిన్ స్కాన్‌కు తినొద్దంటారు, నీళ్లు లీటరు తాగమంటారు. ఇదేం పద్ధతి?

రెండూ వేర్వేరు అవయవాల కోసం. తింటే, ముఖ్యంగా కొవ్వున్న తిండి తింటే, పిత్తాశయం ముడుచుకుపోతుంది. ముడుచుకున్నదాంట్లో రాళ్లున్నాయో లేదో సరిగ్గా కనబడదు, పేగుల్లో గ్యాస్ కూడా అడ్డం పడుతుంది. అందుకని 6 నుంచి 8 గంటలు తినొద్దంటారు. గర్భసంచి, ప్రోస్టేట్ చూడాలంటే మూత్రాశయం నిండి ఉండాలి, అందుకని నాలుగైదు గ్లాసుల నీళ్లు. క్రమం ఇలా పెట్టుకోండి: ముందు రక్తం ఇవ్వండి, తర్వాత నీళ్లు తాగి స్కాన్, ఆ తర్వాతే టిఫిన్. యూరిన్ శాంపిల్ ఉంటే నీళ్లు తాగకముందే ఇచ్చేయండి, లేకపోతే పలచబడిపోతుంది.

ఎండోస్కోపీకి మత్తు ఇస్తామన్నారు. అప్పుడు కూడా నీళ్లు తాగొచ్చా?

ఇది రక్తపరీక్ష ఉపవాసం లాంటిది కాదు, ఇక్కడ ప్రాణానికి సంబంధించిన లెక్క ఉంది. మత్తులో కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మామూలుగా వాడే నియమం: తేలిక భోజనానికి 6 గంటలు, నూనె పదార్థాలు, మాంసం తింటే 8 గంటలు, నీళ్లకు 2 గంటలు. మీ ఆసుపత్రి ఇంతకంటే ఎక్కువ చెప్తే అదే పాటించండి. పొరపాటున తింటే దాచకుండా మత్తు డాక్టరుకు చెప్పండి, వాయిదా పడినా సరే.

## వ్రతాలు, షిఫ్టులు, గర్భిణులు

నిన్న ఏకాదశి, నాన్నగారు ఏమీ తినలేదు. ఎలాగూ ఖాళీ కడుపే కదా, ద్వాదశి పొద్దున టెస్టుకు తీసుకొస్తే కలిసొస్తుందా?

కలిసిరాదు. దశమి రాత్రి నుంచి లెక్కేస్తే 30 గంటలు దాటిపోతుంది. బిలిరుబిన్, యూరిక్ యాసిడ్, కీటోన్లు అన్నీ ఉపవాసానివి, మనిషివి కావు. పారణ చేసి, ఒకటి రెండు రోజులు మామూలుగా తిన్నాక రండి. కార్తీక సోమవారాలకూ, శివరాత్రికీ ఇదే మాట. పండ్లూ, సగ్గుబియ్యం కిచిడీ తిని ఉండే ఉపవాసమైతే ల్యాబు దృష్టిలో అది ఉపవాసమే కాదు, సగ్గుబియ్యం మొత్తం పిండిపదార్థమే.

రంజాన్ నెలలో టెస్టు ఎప్పుడు చేయించుకోవాలి?

అత్యవసరం కాకపోతే పండుగ తర్వాత. బెంగళూరులో రోజా దాదాపు 13 గంటలు, నీళ్లు కూడా ఉండవు కాబట్టి సాయంత్రానికి రక్తం చిక్కబడుతుంది. తప్పనిసరైతే సహ్రీ (తెల్లవారుజామున తినే భోజనం) నుంచి 8 గంటలు దాటాక, మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో వచ్చి, సహ్రీ ఎన్నింటికి చేశారో చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లు మందుల వేళలు నెల మొదలవక ముందే డాక్టరుతో మార్పించుకోవాలి.

నైట్ షిఫ్ట్. తెల్లారి నాలుగుకు క్యాబ్‌లో బిర్యానీ తింటాను. నాకు పరగడుపు ఎప్పుడు?

తిని 8 గంటలు అయ్యాక, లిపిడ్ కూడా ఉంటే ఇంకో గంట, రెండు గంటలు ఆగి, అది మధ్యాహ్నం పన్నెండైనా సరే. షుగర్, లిపిడ్ గంటలు చూస్తాయి, సూర్యుణ్ణి కాదు. కార్టిసాల్, టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్లు మాత్రం నిద్రను బట్టి మారతాయి. మామూలు మనుషులకు పొద్దున ఎనిమిదికి తీస్తాం, మీరు అప్పటికి రాత్రంతా మేలుకుని ఉంటారు. అవి రాస్తే షిఫ్ట్ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, వీలైతే సెలవుల్లో, నిద్ర సర్దుకున్నాక చేయించుకోండి.

ఆరో నెల. గ్లూకోజ్ నీళ్లు తాగే టెస్టుకు ఒక డాక్టరు తినొద్దన్నారు, మా అక్కను చూసే డాక్టరు తిన్నా పర్వాలేదన్నారు?

రెండు పద్ధతులున్నాయి. మన దేశంలో ఎక్కువగా వాడేదాంట్లో తిన్నారా లేదా అన్నది చూడకుండా 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, రెండు గంటల తర్వాత ఒకసారి రక్తం తీస్తారు, 140 లేదా అంతకు మించితే గర్భిణి షుగర్. రెండోదాంట్లో పరగడుపున ఒకసారి, తాగిన గంటకు, రెండు గంటలకు తీస్తారు, 92, 180, 153 వాటి హద్దులు, ఏ ఒక్కటి తాకినా లెక్కే. మీ చీటీ మీద ఏది రాశారో ల్యాబుకు చూపించండి. తాగిన కాసేపటికే వాంతి అయితే వెంటనే చెప్పాలి, ఆ రోజు టెస్టు చెల్లదు.

రెండేళ్ల బాబుకు రక్తపరీక్ష. పాలు మాన్పించాలా?

పిల్లలకు రాసేవాటిలో ఎక్కువ పరీక్షలకు అక్కర్లేదు. ఫాస్టింగ్ అని డాక్టరు రాస్తే ఎన్ని గంటలో వాళ్లనే అడగండి, పెద్దవాళ్ల 12 గంటలు పిల్లల మీద పెట్టకండి.

## రిపోర్టు వచ్చాక

ఫాస్టింగ్ 118, తిన్నాక 104. ఉల్టా వచ్చింది, ల్యాబు మార్చేసిందా?

ట్యూబులు మారడం అసాధ్యం కాదు గానీ, చాలాసార్లు ఇది నిజమే. తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి లివర్ గ్లూకోజ్ వదులుతుంది, అది పరగడుపు అంకెను పెంచుతుంది. తర్వాత మీరు మాత్ర వేసుకుని, తక్కువ తిని, ల్యాబు చుట్టూ తిరిగి, రెండున్నర గంటలకు ఇచ్చారనుకోండి, రెండోది తగ్గుతుంది. ఆ రోజు ఏం తిన్నారో, ఎన్నింటికి ఇచ్చారో రిపోర్టు మీద రాసి డాక్టరుకు చూపించండి.

పోయినేడు 97, ఈసారి 103. నాకు షుగర్ వచ్చేసినట్టేనా?

లేదు. అమెరికా డయాబెటిస్ సంఘం లెక్కలో 100 నుంచి 125 ప్రీ డయాబెటిస్, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 110 నుంచి మొదలవుతుంది, 126 నుంచి డయాబెటిస్. లక్షణాలేం లేకపోతే ఒక్క అంకెతో పేరు పెట్టరు, ఇంకోసారి చూస్తారు. ఒకే మనిషికి వరస రోజుల్లో నాలుగైదు అంకెల తేడా మామూలే. హెచ్‌బీఏ1సీ కూడా చేయించుకోండి, 5.7 కంటే తక్కువుంటే ఈ 103 గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉంటే మాత్రం ప్రతి ఏడూ చూపించుకోండి.

బిలిరుబిన్ 1.9 అని ఎర్రగా వచ్చింది, మిగతా లివర్ అంతా బాగుంది. కామెర్లా?

ఎన్ని గంటలు తినకుండా వచ్చారో ముందు గుర్తు చేసుకోండి. గిల్బర్ట్ సిండ్రోమ్ అని ఒకటుంది, పుట్టుకతో వచ్చేది, హాని లేనిది, వందలో కొందరికి ఉంటుంది. వాళ్లు పస్తున్నా, జ్వరం వచ్చినా, అలిసిపోయినా ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరుగుతుంది. రిపోర్టులో డైరెక్ట్ మామూలుగా ఉండి ఇన్‌డైరెక్టే పెరిగిందా చూడండి. డాక్టరుకు చూపిస్తే తిని వచ్చి మళ్లీ ఇవ్వమంటారు, అవసరమైతే రక్తకణాలు విరిగిపోతున్నాయేమో కూడా చూస్తారు. ఈలోగా ఆకుపసరు తాగకండి. కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే ఇవేవీ చూసుకుంటూ కూర్చోకుండా వెళ్లండి.

పొరపాటున టిఫిన్ తిని వచ్చి రక్తం ఇచ్చేశాను. మొత్తం ప్యాకేజీకి మళ్లీ డబ్బు కట్టాలా?

మొత్తం అక్కర్లేదు. షుగర్ మళ్లీ చేయించుకోండి, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే లిపిడ్ కూడా. మిగతావన్నీ అలాగే ఉంచుకోవచ్చు. తిన్నాక తీసిన షుగర్ వృథా కాదు, దాన్ని ర్యాండమ్ కింద చూస్తారు. 200 లేదా అంతకు మించి ఉండి, దాహం, తరచూ మూత్రం, బరువు తగ్గడం కూడా ఉంటే ఫాస్టింగ్ కోసం ఆగకుండానే డాక్టరు మందు మొదలుపెడతారు. రిపోర్టు మీద ఫాస్టింగ్ అని అచ్చయి ఉంటే ల్యాబుకు ఫోన్ చేసి ర్యాండమ్ అని మార్పించండి, వచ్చే ఏడాది ఆ కాగితం చూసే డాక్టరుకు మీరు ఇడ్లీ తిన్న సంగతి తెలియదు కదా.